బోటు వెనక పిట్టల లెక్క

ఈ పనిలో చేరబోయే పిల్లలకు ముందు చెప్పవలసింది వాంతుల గురించి. మొదటి మూడు రోజులు మీరు సముద్రాన్నీ చూడరు, పక్షుల్నీ చూడరు. బోటు అంచు పట్టుకుని కిందికి చూస్తూ ఉంటారు. నాలుగో రోజుకి తల ఎత్తగలుగుతారు. ఎత్తలేనివాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. నాతో చేరిన ఇద్దరు అలాగే వెళ్ళిపోయారు. ఒకాయన బ్యాంకులో చేరి నాకన్నా సుఖంగా బతికారు.

మాది నర్సీపట్నం. బలిఘట్టం వెళ్ళే రోడ్డులో ఇల్లు, ఇప్పుడూ అక్కడే ఉంటున్నాను. నాన్నగారు మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా ఊరి నుంచి చూస్తే కొండలు కనిపిస్తాయి గాని సముద్రం కనిపించదు. అలాంటి ఊరి పిల్ల సముద్రపు పక్షులు తిండి ఎలా వెతుక్కుంటాయో చూసే ఉద్యోగంలో చేరిందంటే మా చర్చిలో చాలా రోజులు నవ్వులాట అయింది. కోటవురట్లలో ఉండే మా మేనత్త ఎప్పుడొచ్చినా ఒకటే అడిగేది.

"దేవుడు పిట్టలకి తిండి పెడతాడు కదే. మద్దిలో నువ్వెల్లి సూసీదేటి?"

పదవీ విరమణ నాడు మా ఆఫీసులో శాలువా కప్పి నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. అందులో సగం నిజం కాదు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి ఎవరూ చెప్పలేదు, శాలువా కప్పేటప్పుడు చెప్పరు కూడా. అందుకే నేను రాస్తున్నాను.

చేసే పని ఏమిటి

బోటు మీద ఒకచోట నిలబడాలి. గడియారం చూసుకుని, విడత విడతకీ కనుచూపు మేరలో ఉన్న పక్షుల్ని లెక్కపెట్టాలి. ఏ జాతి, ఎన్ని, ఏం చేస్తున్నాయి. ఎగురుతున్నాయా, నీటి మీద కూర్చున్నాయా, మునుగుతున్నాయా. ఎండ నెత్తిన ఉంటుంది, ఉప్పు కళ్ళల్లో ఉంటుంది. ఇందులో సాహసం లేదు. ఓపిక ఉండాలి, మూత్రం ఆపుకోగలిగి ఉండాలి. ఆడవాళ్ళకు ఈ రెండోది ముఖ్యం, దీని గురించి ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

మన తీరంలో ఎక్కువగా చూసేవి రెండు రకాలు. గల్ అనేది కాస్త లావుపాటి పక్షి, దేనికీ సిగ్గుపడదు, దొరికింది తింటుంది. టెర్న్ సన్నగా ఉంటుంది, తోక చీలి ఉంటుంది. అది గాలిలో ఒకచోట రెక్కలాడిస్తూ నిలబడి, కిందికి చూసి, ముక్కు ముందుగా నీళ్ళల్లో పడుతుంది. అంత చేసినా లోతుకి పోలేదు. జానెడు, మూరెడు లోపల ఉన్న చిన్న చేప మాత్రమే దానికి అందుతుంది.

మరి లోతులో తిరిగే నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు పైకెందుకు వస్తాయి? కింద నుంచి సూర చేపలు తరుముతాయి కనుక. పెద్ద చేప కింద తరిమితే చిన్న చేప పైకి వస్తుంది, అప్పుడు పిట్టకు ముద్ద దొరుకుతుంది. పిట్టలు మన చేపలు తినేస్తున్నాయని చాలామంది అనుకుంటారు. సంగతి తిరగేసి ఉంది. పెద్ద చేపను మనం పట్టేస్తే, కింద నెత్తళ్ళు ఎన్ని ఉన్నా పిట్టకి పస్తే. ఇది అర్థం కావడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

నన్ను ఎక్కించుకున్న బోటు

చిన్న పడవల వాళ్ళు నన్ను ఎక్కించుకోలేదు. ఆడమనిషి పడవ ఎక్కితే వల ఖాళీగా వస్తుందని మా తీరంలో చాలా ఊళ్ళల్లో పట్టింపు. ఆడవాళ్ళు ఒడ్డున చేప అందుకుంటారు, గంపకెత్తుకుని అమ్ముతారు, పడవకి పసుపు రాసి దండం పెడతారు. ఎక్కరు. నేను చదువుకున్నదాన్ని గనక మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తగ్గింది. రోజూ ప్రాణం పణంగా పెట్టి వెళ్ళేవాళ్ళు పట్టింపులు లేకుండా ఎలా ఉంటారు? ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునే మా పెద్ద సారు కూడా మంగళవారం కొత్త ఫైలు తెరిచేవారు కాదు.

చివరికి పట్నంలో ఒక మరబోటు యజమాని ఒప్పుకున్నారు. పెద్ద బోటు, అడుగున వల ఈడ్చేది. ఆఫీసు లెటరు చూపించగానే డ్రైవరుకి ఫోన్ చేసి చెప్పేశారు. బోటు నడిపేవాణ్ణి డ్రైవరనే అంటారు. అతనూ, వల లాగే కళాసీలూ నన్ను మర్యాదగా చూసుకున్నారు. గోనెసంచితో నాకు ఒక చాటు కూడా కట్టించారు. ఆ గోనెసంచికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

వల పైకి లాగి డెక్కు మీద కుమ్మరించగానే కళాసీలు రొయ్యలు, ధర పలికే చేపలు ఏరి ఐసులో వేసేవారు. మిగిలినదంతా, అంటే వేలెడంత పిల్ల చేపలు, చితికిన పీతలు, పేరు తెలియనివి, పారతో తిరిగి సముద్రంలోకి తోసేసేవారు. అప్పటికి వాటిని కొనేవాళ్ళు లేరు. ఆ పార చప్పుడుకి ఆకాశం తెల్లబడిపోయేది. గల్స్, టెర్న్స్, నేను పుస్తకాల్లో మాత్రమే చూసినవి, అన్నీ బోటు వెనకే. రాసుకోవడానికి పేజీలు చాలేవి కావు.

సంతకం

బోటు వెనక పడే పక్షుల్ని విడిగా రాయాలని నేను చదువుకున్నదే. చదివాను గాని చెవిన పెట్టలేదు. "ఆ చుట్టుపక్కల లేకపోతే అవి బోటు దగ్గరికెలా వస్తాయి?" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లెక్క రాసే ఫారం తయారుచేసింది నేనే. అందులో ఆ గడి పెట్టలేదు.

రిపోర్టు రాశాను. ఆ నీళ్ళల్లో పక్షులు సమృద్ధిగా ఉన్నాయన్నాను. మా పెద్ద సారు కళ్ళజోడు సర్దుకుని, "మంచి అంకెలమ్మా" అన్నారు. నేను సంతకం పెట్టాను.

ఆ యేడే పాయకరావుపేట వైపున్న కొన్ని తీరపు ఊళ్ళవాళ్ళు ఒక అర్జీ పెట్టుకున్నారు. ఒడ్డుకు దగ్గరి నీళ్ళల్లోకి మరబోట్లు రాకూడదని రూలు ఉంది. అయినా వస్తున్నాయి, అడుగంతా ఊడ్చుకుపోతున్నాయి, మా చిన్న వలలకి ఏమీ మిగలడం లేదు, కాపలా పెట్టించండి అని ఆ అర్జీ. దాని మీద ఒక ప్రభుత్వ ఆఫీసు హాల్లో సమావేశం జరిగింది. మరబోట్ల తరఫున వచ్చిన ఒకాయన లేచి నా రిపోర్టు చదివాడు. పక్షులు ఇన్ని ఉన్నాయంటే చేప ఉన్నట్టే కదా, ఇంక వీళ్ళకు నష్టమెక్కడ, అన్నాడు. అధికారి తల ఊపి, ఆలోచిద్దామని అర్జీ పక్కన పెట్టారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. నా రాత ఒకరి నోటి దగ్గర కూడు తీసేయడానికి పనికొస్తుందని నాకు అంతవరకు తోచలేదు.

బయట టీ కొట్టు దగ్గర ఒకాయన నా దగ్గరికి వచ్చారు. పేరు సింహాద్రి. అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆయనదే. నాకన్నా పదేళ్ళు పెద్దవారై ఉంటారు.

"ఆ కాయితం రాసింది తవరేనా అమ్మా?"

"నేనేనండి."

"ఎక్కడ నించి లెక్కెట్టినారు?"

"మరబోటు మీద నుంచి."

"బోటెనకాల వొచ్చీ పిట్టల్నా?"

"అవునండి."

ఆయన కోప్పడలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"పెళ్ళి పందిరెనకాల ఇస్తరాకుల కాడ కాకుల్ని లెక్కెట్టీసి, ఊర్లో కాకులు పెరిగిపోనాయని రాసినట్టున్నాదమ్మా. తవరు లెక్కెట్టింది పిట్టల్ని కాదు. మరబోటు ఎంగిలిని."

టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు.

"మావు పిట్టని సూసి వలేసీవోలం," అన్నారు ఆయన. "పిట్ట దిగిన కాడ సేప ఉన్నట్టే. మా తాత కాడ నించీ అదే లెక్క. ఇప్పుడు పిట్టని నమ్ముకుని డీజిలు కాల్సుకుని ఎల్తే, అక్కడ మరబోటుంటాది. సేప ఉండదు. పిట్ట కూడా మమ్మల్ని మోసం సేసీసింది. ఇప్పుడు మీరూ."

ఎన్ని కాన్ఫరెన్సులకు వెళ్ళినా, నాకు ఇంత సూటిగా నా తప్పు చెప్పినవాళ్ళు లేరు. మరబోటు లేనిచోట లెక్కపెట్టాలి, మీ పడవలో నన్ను తీసుకెళ్తారా అని అడిగాను. ఆయన టీ గ్లాసు ఖాళీ చేసి, ఏ రోజు రావాలో చెప్పారు.

సింహాద్రి పడవ

నేను వాళ్ళ ఊరు వెళ్ళేసరికి ఒడ్డున ఆయన భార్య నూకాలమ్మ నిలబడి ఉంది. నా వైపు చూడలేదు, ఆయనతోనే మాట్లాడింది.

"ఊరు ఊరుకుంటాదేటి?"

"ఊరికి సేప కావాలా, వొద్దా?"

"కావాల. ఆవిడ్ని ఎక్కించుకుంటే వొస్తాదేటి?"

"ఆవిడ రాసిన కాయితంతోటి పోయింది. ఆవిడే రాయాల మల్లీ. ఇంకెవులు రాస్తారు?"

నూకాలమ్మ సద్దన్నం క్యాను పడవలో పెట్టి వెళ్ళిపోయింది.

ఒక్కసారి వెళ్ళి వస్తే అది కబురు అవుతుంది గాని లెక్క కాదు. అందుకని ఆ సీజనంతా వారానికొకసారి వెళ్ళాను. చిన్న ఫైబర్ పడవ, నిలబడితే ఒరుగుతుంది. కూర్చునే లెక్కపెట్టాను. ఎక్కువ రోజులు ఏమీ లేదు, ఖాళీ ఆకాశం. ఏమీ కనిపించకపోతే సున్నా రాయాలి. సున్నా రాయడానికి కొత్తవాళ్ళ చేయి రాదు. నాకూ రాలేదు. రాయండి, అదీ లెక్కే.

మూడో వారమో నాలుగో వారమో సింహాద్రి గారు మోటారు ఆపేసి గట్టిగా అన్నారు.

"అదిగో. సూడండి బేగి. అదీ పిట్టంటే."

దూరంగా నీళ్ళు ఉడుకుతున్నట్టు ఉన్నాయి. చుట్టూ ఏ బోటూ లేదు. సూర చేపలు కింద నుంచి తరుముతుంటే నెత్తళ్ళు వెండి పొడిలా పైకి ఎగురుతున్నాయి. టెర్న్స్ వరసగా పడుతున్నాయి, లేస్తున్నాయి. బోటు వెనక చూసిన గుంపులో పదో వంతు కూడా ఉండవు. కాని ఇక్కడ ప్రతి పక్షీ వేటాడుతోంది. బోటు వెనక అవి కొట్లాడుకోవడమే చూశాను, ఇంతకాలం దాన్నే వేట అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, అందంగా ఉందని కాదు, ఇన్నేళ్ళూ జీతం తీసుకుంటూ అసలైనది చూడలేదని.

ఇంకో రోజు ఒక టెర్న్ తేలుతూ కనిపించింది. రెక్కకి నైలాన్ దారం చుట్టుకుంది, దాని చివర గేలం గొంతులో దిగింది. సింహాద్రి గారు పడవ దగ్గరగా తీసుకెళ్ళి, పక్షిని ఒడిలో పెట్టుకుని, దారాన్ని పళ్ళతో కొరికి తెంపారు. గేలం రాలేదు. పక్షి బతకలేదు. "ఇది మా గేలమే అమ్మా," అన్నారు. "మరబోటుది కాదు. అది కూడా రాసుకోండి." రాసుకున్నాను. అర్జీ పెట్టినవాడు తనకు వ్యతిరేకమైనది కూడా రాసుకోమన్నాడు. మా వృత్తిలో నిజాయితీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

పెద్ద సారు

సీజను అయ్యాక, పాత రిపోర్టు తప్పు అని, ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో రాసి పెద్ద సారు బల్ల మీద పెట్టాను. ఆయన చెడ్డవారు కారు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నదే ఆయన. చదివి ఫ్యాను వైపు చూశారు.

"అచ్చయిపోయిన దాన్ని ఇప్పుడు దిద్దడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనమ్మా. మనందరికీ తలవంపులు."

"కాలినవి మన చేతులు కావండీ. వాళ్ళవి."

అంత మాట నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన ఆ కాగితం తొక్కిపెట్టలేదు, అది ఆయన గొప్ప. నన్ను రెండేళ్ళు సముద్రం మీదికి పంపలేదు, అది ఆయన చిన్నతనం. ఆ రెండేళ్ళూ స్టోరులో సీసాలకి లేబుళ్ళు అంటించాను. మనిషి ఒకేసారి రెండూ కావచ్చు. మీకూ అలాంటి బాసులే దొరుకుతారు, పూర్తిగా మంచివారి కోసం ఎదురుచూడకండి.

అర్జీ మళ్ళీ హాల్లోకి వచ్చింది. నేను లేచి, పోయిన సారి చదివిన రిపోర్టు నాదేనని, అది తప్పని చెప్పి, సింహాద్రి గారి పడవలో రాసుకున్న లెక్క చదివాను. ఒకరు "అయితే ఇది మాత్రం ఒప్పని ఏమిటి గ్యారంటీ?" అన్నారు. మంచి ప్రశ్న. గ్యారంటీ లేదు, పడవలో మీరే వచ్చి చూడండి అన్నాను. అధికారి కాపలా పడవ పెట్టించారు. మరబోట్లు పూర్తిగా ఆగిపోలేదు గాని, ఒడ్డు దగ్గరికి రావడానికి భయపడ్డాయి. ఆ ఊరి వలల్లో చేప మళ్ళీ కనిపించింది. లోకం బాగుపడిపోయిందని నేను చెప్పను. ఒక తీరం ముక్కలో కొంత కుదుటపడింది.

తిరగేసిన తప్పు

చాలా ఏళ్ళ తర్వాత మా ఆఫీసులో చేరిన ఒక అమ్మాయి కంగారుగా నా దగ్గరికి వచ్చింది. మరబోట్ల వెనక గల్స్ దాదాపు లేవు, పక్షులు నశించిపోతున్నాయి మేడమ్, రిపోర్టు రాసేశాను, అంది. ఆ మధ్య చేపల మేత తయారుచేసే ఫ్యాక్టరీలు వచ్చాయి. ఒకప్పుడు పారతో తోసేసిన పిల్ల చేపని ఇప్పుడు కొంటున్నారు. సముద్రంలోకి పారేయడానికి ఏమీ మిగలడం లేదు.

"విస్తరాకులు ఎత్తేశారమ్మా, కాకులు ఇంకో వీధికి పోయాయి," అన్నాను. "పోయాయో, చచ్చాయో వెళ్ళి చూసి రాయి."

ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. కాస్త మెల్లగా చెప్పి ఉండవలసింది. ఇప్పుడు తను నాకన్నా బాగా పనిచేస్తోంది. పక్షుల వీపుకి చిన్న యంత్రాలు కట్టి అవి ఎటు పోతున్నాయో ఫోనులో చూస్తోంది. పిల్ల చేపల్ని కూడా పట్టేసుకుంటే పెద్ద చేప ఎక్కడి నుంచి వస్తుందో, టెర్న్ ఏం తింటుందో, ఆ సంగతి మాత్రం యంత్రం చెప్పదు. అది మీ తరం తేల్చాలి. నాకు మాత్రం భయంగానే ఉంది.

అడగని ప్రశ్న

పోయిన యేడు పాయకరావుపేటలో ఒక పెళ్ళికి వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో సింహాద్రి గారి ఊరు వెళ్ళాను. సింహాద్రి గారు వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తున్నారు. చూపు తగ్గింది, వేళ్ళు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. నూకాలమ్మ నాకు కుర్చీ వేసి, చేపల పులుసు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఆవిడ అరచేతులు మగవాళ్ళ చేతుల్లా కాయలు కాచి ఉన్నాయి. గంపలు మోసిన చేతులు అలా ఉండవు. ఏమిటని అడిగాను.

"వల లాగిన సేతులమ్మా," అంది ఆవిడ. "ఆ యేడు మా పడవోలు ఒక్కొక్కలూ దిగిపోనారు. ఆడమనిసిని ఎక్కించినోడితో మావు రామన్నారు. ఆకరికి మరిది కూడా ఒగ్గీసి ఎల్లిపోనాడు. రెండేల్లు ఊరు మాతో మాటాడనేదు. మనుసులు నేకపోతే వలెవులు లాగుతారు? నానే ఎక్కీసినాను."

నేను తినడం ఆపేశాను. ఆ సీజను మొదట్లో పడవలో నలుగురు ఉండేవారు. చివరికొచ్చేసరికి సింహాద్రి గారూ, ఆయన తమ్ముడూ మిగిలారు. నేను చూశాను. మిగతావాళ్ళు ఇంకేదో పనికి పోయి ఉంటారనుకున్నాను. ఏ పిట్ట ఏ చేప తిన్నదో గంట గంటకీ రాసుకున్నదాన్ని, పక్కన కూర్చున్న మనుషులు ఏమయ్యారని ఒక్కసారి అడగలేదు.

"నాకు ఒక్క మాట చెప్పలేదేమండీ?" అన్నాను ఆయనతో.

సింహాద్రి గారు వల మీద నుంచి చేయి తీయలేదు.

"సెప్తే మీరు జాలిపడి రావడం మానీసీవోరు. కాయితం రాసీవోరు కాదు."

"లేదండీ, రాసేదాన్నే," అన్నాను.

ఆయన నమ్మినట్టు తల ఊపారు. నూకాలమ్మ నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

రాసేదాన్ని కాదు.